ఇంటి బ్యాకప్‌కి రెండు బేల నాస్: రెండు డిస్కులూ లోపలే పెట్టాలా?

బెంజిసర్కిల్_వాసి

నమస్తే అండి. ఇంటి బ్యాకప్ కోసం ఒక నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఉండి ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ అన్నీ వాడుకునే డిస్కుల పెట్టె) తీసుకోవాలనుకుంటున్నాం. ఒక మ్యాక్‌బుక్ (512 జీబీ), ఒక విండోస్ ల్యాప్‌టాప్, రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, ఒక ఐఫోన్ ఉన్నాయి. పెళ్లి వీడియోలు, పాత ఫొటోలు, స్కాన్ చేసిన ఆస్తి కాగితాలు అన్నీ కలిపి ఇప్పటికి 1.4 టీబీ. ఏడాదికి 200 జీబీ దాకా పెరుగుతోంది. సినిమాలు స్ట్రీమ్ చేసే పని లేదు. బడ్జెట్ 50 వేలు, తప్పదంటే ఇంకో ఐదు వేలు.

అనుకుంటున్నది సైనాలజీ డీఎస్223 (డిస్కులు పెట్టే అరలు, అంటే బేలు, రెండున్నది), లోపల 4 టీబీ డిస్కులు రెండు, రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా). ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది కదా, ఇది చాలా? క్యూనాప్ టీఎస్-233 కూడా చూశాను. పాత డెస్క్‌టాప్ ఖాళీగా ఉంది, దాన్నే నాస్‌గా మార్చుకోమంటున్నారు కొందరు. ఏది మేలు?

గోదారి_నాస్

డబ్బు రెండు డిస్కులకే సరిపోయేటట్లయితే రెండూ లోపల పెట్టకండి. ఒకటి లోపల, రెండోది యూఎస్‌బీ మీద బయట.

రెయిడ్ 1 ఒకే రాతని అదే క్షణంలో రెండు డిస్కుల మీదా రాస్తుంది. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు చోట్లా పోతుంది. ల్యాప్‌టాప్‌లోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చి షేర్‌లో (నాస్‌లో అందరూ వాడే ఫోల్డర్‌లో) ఉన్న ఫైళ్లకు తాళం వేస్తే రెండు చోట్లా పడుతుంది. పిడుగుపాటుకి ఆ పెట్టె కాలినా, దొంగ ఎత్తుకుపోయినా రెండూ కలిసే పోతాయి. రెయిడ్ కాపాడేది ఒక్క సందర్భంలోనే: ఒక డిస్కు చెడినా పని ఆగకుండా సాగడం. ఇంట్లో నాస్ రెండు రోజులు ఆగితే వచ్చే నష్టం ఏమీ లేదు. రెండో కాపీ లేకపోతే వచ్చే నష్టం మాత్రం పూడ్చలేనిది. మొదట ఒక డిస్కుతో ఎస్‌హెచ్‌ఆర్ (సైనాలజీ సొంత రెయిడ్ పద్ధతి) పూల్ చేసుకుంటే, డబ్బు చేతికొచ్చినప్పుడు ఖాళీ బేలో అంతే సైజుదో పెద్దదో ఇంకో డిస్కు కలపొచ్చు. డేటా చెరగకుండానే రక్షణ వచ్చి చేరుతుంది.

ఇక సైజు. ఐదేళ్లకి మీ ఫైళ్లు 2.4 టీబీ. మ్యాక్‌లోని బ్యాకప్ సౌకర్యం టైమ్ మెషీన్‌కి డిస్కుకి రెట్టింపు, అంటే 1 టీబీ. విండోస్‌కి అర టీబీ. మొత్తం 3.9. స్నాప్‌షాట్ల (ఫైళ్లు ఏ రోజు ఎలా ఉన్నాయో అలా వెనక్కి తెచ్చుకునే గుర్తుల) కోసం 15 శాతమైనా ఖాళీ ఉంచాలి. 4 టీబీ డిస్కు నాస్‌లో 3.6గా కనిపిస్తుంది కాబట్టి మూడేళ్లకే ఇరుకవుతుంది. లోపలికి 6 టీబీ తీసుకోండి. బయటి డిస్కుకి 4 టీబీ చాలు, ఎందుకంటే టైమ్ మెషీన్ కాపీలను మళ్లీ కాపీ చేయనక్కర్లేదు. మళ్లీ దొరకని వాటినే, అంటే ఫొటోలు, వీడియోలు, కాగితాలనే దానిలోకి పంపండి.

మోడల్ విషయానికొస్తే డీఎస్223 మీ పనికి సరిగ్గా సరిపోతుంది. 2 జీబీ ర్యామ్ పెంచుకునే వీలు లేదు గానీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (స్నాప్‌షాట్లు తీయగల ఫైల్ సిస్టమ్), స్నాప్‌షాట్లు ఉన్నాయి. బ్యాకప్ పెట్టెకి కావాల్సినవి అవే. టీఎస్-233 తీసుకుంటే ఒక జాగ్రత్త: వాల్యూమ్ (డిస్కు మీద డేటా ఉండే భాగం) తయారుచేసేటప్పుడు స్టాటిక్ అని ఎంచుకుంటే స్నాప్‌షాట్లు రావు, థిక్ గానీ థిన్ గానీ ఎంచుకోవాలి. పాత డెస్క్‌టాప్ 50 వాట్లు లాగితే నెలకి 36 యూనిట్లు. డీఎస్223 డిస్కులు తిరుగుతున్నప్పుడు కూడా 17 వాట్ల దగ్గరే, నెలకి 12 యూనిట్లు. పాత పీసీని నాస్‌గా మార్చే ఓపెన్‌మీడియావాల్ట్ మంచి సాఫ్ట్‌వేరే. కానీ అప్‌డేట్లు, సర్దుబాట్లు అన్నీ మీరే చూసుకోవాలి. ఇంట్లో మిగతావాళ్లు వాడలేని బ్యాకప్ మీరు ఊళ్లో లేనిరోజు పనికిరాదు.

పెట్టుకునే వరుస: డిస్కు బిగించగానే ముందు స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే చూసుకునే పద్ధతి) ఎక్స్‌టెండెడ్ టెస్ట్ నడపండి, గంటలు పడుతుంది, ఆపకండి. తర్వాత బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాల్యూమ్. ‘అడ్మిన్’ అనే ఖాతా ఆపేసి వేరే పేరుతో అడ్మినిస్ట్రేటర్ పెట్టి రెండంచెల లాగిన్ పెట్టండి. రోజూ వాడే వాళ్లకి మామూలు ఖాతాలు. స్నాప్‌షాట్ రెప్లికేషన్ యాప్‌లో రోజుకొకటి, 30 రోజులు ఉంచేలా. బయటి డిస్కుకి హైపర్ బ్యాకప్ (సైనాలజీ బ్యాకప్ యాప్), రోజూ రాత్రి 2 గంటలకి. ఆ యూఎస్‌బీ షేర్ మీద మామూలు ఖాతాలకి అనుమతి తీసేయండి, లేకపోతే రాన్సమ్‌వేర్ అక్కడికీ చేరుతుంది. ఎన్‌క్రిప్షన్ పెడితే పాస్‌వర్డ్, కీ ఫైలు నాస్‌లోనే దాచకండి, అది పోయిన రోజే అవి కావాల్సొస్తాయి. నెలకోసారి ఏదో ఒక ఫోల్డర్‌ని వేరే చోటికి రీస్టోర్ చేసి ఫైళ్లు తెరిచి చూడండి.

కూకట్‌పల్లి_స్టోరేజ్

పైన చెప్పినదాంతో ఏకీభవిస్తున్నాను. డిస్కు కొనడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు కాబట్టి అది విడిగా చెబుతాను.

లోపలికి సీఎంఆర్ (ట్రాకులు పక్కపక్కనే విడిగా ఉండే) డిస్కే కావాలి. ఎస్‌ఎంఆర్ డిస్కులో ట్రాకులు పెంకుటింటి మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో చిన్న మార్పు చేయాలన్నా పక్కనున్న వరసంతా తిరగరాయాలి. రెయిడ్ రీబిల్డ్ (కొత్త డిస్కులోకి డేటా తిరిగి నింపడం) అప్పుడు ఆ ఆలస్యం చూసి డిస్కు చెడిందనుకుని నాస్ దాన్ని బయటికి నెట్టేయొచ్చు. డబ్ల్యూడీ మామూలు ‘రెడ్’లో 2 నుంచి 6 టీబీ వరకు, మోడల్ నంబరు చివర ఈఎఫ్‌ఏఎక్స్ అని ఉన్నవి ఎస్‌ఎంఆర్ అని 2020 ఏప్రిల్‌లో బయటపడింది. ఇప్పుడు ‘రెడ్ ప్లస్’ అని రాసి ఉన్నదే తీసుకోండి. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ తీసుకోండి, బారకూడా వద్దు. 4 టీబీ బారకూడా ఎస్‌టీ4000డీఎం004 ఎస్‌ఎంఆరే. బయట పెట్టే పోర్టబుల్ డిస్కు ఎస్‌ఎంఆర్ అయినా ఫర్వాలేదు. మొదటి కాపీ నెమ్మదిగా సాగుతుంది, తర్వాత రోజూ వెళ్లేది కొద్దిగానే.

రెండోది, కొత్తదని అమ్మే పాత డిస్కులు. 2025 జనవరిలో యూరప్‌లో వాడేసిన సీగేట్ డిస్కులు కొత్తవిగా అమ్ముడైన సంగతి బయటికొచ్చింది. స్మార్ట్‌లో కనిపించే, డిస్కు నడిచిన గంటలని సున్నా చేసేశారు. కానీ సీగేట్ డిస్కు లోపల ఫార్మ్ అనే లాగ్ ఇంకోటి ఉంటుంది, అసలు గంటలు అందులో దొరికాయి. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 7.4 వెర్షన్ నుంచి ఆ లాగ్ చదవొచ్చు. ఏదైనా పీసీకి తగిలించి రెండు లెక్కలూ పోల్చండి. స్మార్ట్ 3 గంటలనీ, ఫార్మ్ 15,000 గంటలనీ అంటే అదే రోజు వాపసు ఇచ్చేయండి. పార్సిల్ రాగానే డిస్కు మీది సీరియల్ నంబరుని తయారీదారు వారంటీ పేజీలో కొట్టి చూడండి. ఐరన్‌వుల్ఫ్‌కీ, రెడ్ ప్లస్‌కీ మూడేళ్లు రావాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చే డిస్కు చవకే, కానీ వారంటీ దేశాన్ని బట్టి మారుతుంది. ముందే ఆ పేజీలో చూసుకోండి.

వాడకం మొదలయ్యాక చూడాల్సినవి స్మార్ట్‌లో 5, 197, 198 నంబర్ల లెక్కలు (చెడిన, అనుమానంగా ఉన్న సెక్టర్లవి). ఇవి సున్నా నుంచి కదిలి పెరుగుతూ పోతే డిస్కు మార్చే సమయం వచ్చినట్టే. 199 (డేటా దారిలో వచ్చిన తప్పుల లెక్క) ఒక్కటే పెరిగితే తప్పు డిస్కుది కాకపోవచ్చు, కనెక్షన్‌ది. తీసి మళ్లీ బిగించి చూడండి. మూడు నెలలకోసారి డేటా స్క్రబ్బింగ్ (ఫైళ్లన్నీ చదివి చెడిపోయాయేమో చూడటం) పెట్టండి. ఒకే డిస్కు ఉన్నప్పుడు చెడిన ఫైలుని అది బాగుచేయలేదు గానీ, ఏ ఫైలు చెడిందో చెబుతుంది. దాన్ని బయటి డిస్కు నుంచి తెచ్చుకోవచ్చు.

బెంజిసర్కిల్_వాసి

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. 6 టీబీ రెడ్ ప్లస్ లోపల, 4 టీబీ పోర్టబుల్ బయట అనుకుంటున్నాను. ఇంకో రెండు సందేహాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, మళ్లీ యూపీఎస్ అవసరమా? డల్లాస్‌లో ఉన్న అక్క కూడా ఫొటోలు చూడాలి, దానికి రౌటర్‌లో పోర్ట్ (బయటి నుంచి నాస్‌కి దారి) తెరవాలా?

వరంగల్_నెట్

పోర్ట్ తెరవొద్దు. 2021 జూన్‌లో డబ్ల్యూడీ మై బుక్ లైవ్ పెట్టెలు ఇంటర్నెట్ మీద నుంచే తుడిచిపెట్టుకుపోయాయి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న క్యూనాప్‌లను పట్టుకుంది. అసలు మీ లైన్‌లో పోర్ట్ తెరుచుకోకపోవచ్చు కూడా. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (చాలా ఇళ్లకు కలిపి ఒకే బయటి ఐపీ ఇచ్చే పద్ధతి) వెనక ఉన్నారు. టెయిల్‌స్కేల్ (పోర్ట్ తెరవకుండానే పరికరాలను కలిపే వీపీఎన్) ప్యాకేజీ నాస్‌లో ఎక్కించి, అక్క గారి ఫోన్‌లో కూడా ఎక్కించండి. సీజీనాట్ ఉన్నా పనిచేస్తుంది. ఆవిడకి చదివే అనుమతి మాత్రమే ఉన్న ఖాతా ఇవ్వండి.

యూపీఎస్ కావాలి. ఇన్వర్టర్‌లో బ్యాటరీ ఎంత మిగిలిందో నాస్‌కి తెలియదు. కరెంటు రాక ఇన్వర్టర్ కూడా అయిపోతే నాస్ రాస్తూ రాస్తూనే ఆరిపోతుంది. మధ్యలో 600 వీఏ యూపీఎస్ పెట్టి, యూఎస్‌బీ తీగతో నాస్‌కి కలపండి. 600 వీఏలో చాలావాటికి ఆ యూఎస్‌బీ పోర్టే ఉండదు, కొనేముందు వెనకవైపు ఫొటో చూడండి. నాస్ కంట్రోల్ ప్యానెల్‌లో హార్డ్‌వేర్ అండ్ పవర్, యూపీఎస్ ట్యాబ్‌లో దాన్ని ఆన్ చేసి, కరెంటు పోయిన ఐదు నిమిషాలకి సేఫ్ మోడ్‌లోకి (రాతలు ఆపి భద్రంగా నిలిచే స్థితిలోకి) వెళ్లేలా పెట్టండి. ఇన్వర్టర్ సైన్ వేవ్ అయితేనే ఈ వరుస కుదురుతుంది. స్క్వేర్ వేవ్ అయితే యూపీఎస్ ఆ కరెంటుని ఒప్పుకోకుండా తన బ్యాటరీ మీదే నడిచి కాసేపటికి ఆరిపోవచ్చు. అప్పుడు ఇన్వర్టర్ లేని సాకెట్‌కే యూపీఎస్ పెట్టండి.

మొదటి కాపీకి ముందు ఒక్క సంగతి చూడండి. కంట్రోల్ ప్యానెల్, నెట్‌వర్క్, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లో 1000 ఎంబీపీఎస్ అని ఉందా? 100 అని ఉంటే సెకనుకి 11 ఎంబీ దగ్గరే ఆగుతుంది, ఒక టీబీకి దాదాపు 25 గంటలు. గిగాబిట్ అయితే సెకనుకి 110, అదే టీబీ రెండున్నర గంటల్లో అయిపోతుంది. 100 రావడానికి ఎక్కువసార్లు కారణం తీగే. లైన్ లాగేవాళ్లు కొందరు ఎనిమిది తీగల్లో నాలుగే క్రింప్ చేస్తారు. కనెక్టర్‌ని వెలుతురులో పట్టుకుంటే 4, 5, 7, 8 గాడులు ఖాళీగా కనిపిస్తాయి. ఎనిమిదీ ఉన్న క్యాట్ 5ఈ తీగ మార్చండి. అప్పటికీ 100 అంటే రౌటర్‌లో ఆ పోర్టే 100ది, పక్క పోర్టులో పెట్టి చూడండి.

టీవీ క్యాబినెట్‌లో తలుపు మూసి పెట్టకండి. బెజవాడ మేలో డిస్కు వేడి 50 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. వెనక ఫ్యాన్‌కి జానెడు ఖాళీ ఉంచండి.

ఫొటో_భద్రం

ఫోన్ల దగ్గర మూడు చిక్కులు వస్తాయి.

ఆండ్రాయిడ్‌లో సైనాలజీ ఫొటోస్ యాప్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయకపోతే కొన్ని ఫోన్లు దాన్ని వెనకాల చంపేస్తాయి. బ్యాకప్ అవుతోందని మీరనుకుంటారు, అవదు. ఐఫోన్‌లో యాప్ తెరిచి లేనప్పుడు అప్‌లోడ్ చాలా తక్కువ సాగుతుంది. మొదటి విడత రాత్రి ఛార్జింగ్‌కి పెట్టి యాప్ తెరిచే ఉంచండి. ‘ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్’ ఆన్‌లో ఉంటే అసలు ఫొటోలు ఫోన్‌లో ఉండవు, ఐక్లౌడ్ నుంచి దిగి తర్వాత నాస్‌కి వెళ్తాయి. అందుకే చాలా ఆలస్యమవుతుంది.

మూడోది గూగుల్ ఫొటోస్‌లో ఉన్న పాత ఫొటోలు. 2025 మార్చి 31 తర్వాత ఆర్‌క్లోన్ లాంటి సాఫ్ట్‌వేర్లతో లైబ్రరీ మొత్తం దించుకోవడం కుదరదు, గూగుల్ టేక్‌అవుటే (మన డేటా అంతా దించుకునే గూగుల్ పేజీ) దారి. 50 జీబీ ముక్కలు ఎంచుకోండి. లింకులు వారంలో చెల్లకుండా పోతాయి, కాబట్టి శుక్రవారం అడిగి వారాంతంలో దించుకునేలా చూసుకోండి. ఫొటో పక్కనే జేసన్ ఫైలు ఒకటి వస్తుంది. గూగుల్‌లో మీరు దిద్దిన తేదీ, ఊరు అందులోనే ఉంటాయి, ఫొటోలో ఉండవు. వాట్సాప్ ఫొటోల్లో అసలు తేదీ కూడా ఉండదు. ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో జేసన్‌లోని తేదీని ఫొటోలోకి ఎక్కించాకే నాస్‌లోకి పంపండి. లేదంటే పదేళ్ల ఫొటోలన్నీ దించుకున్న రోజు తేదీ కిందే పడతాయి. ముందు ఒక 100 ఫొటోల ఫోల్డర్ మీద నడిపి, తేదీలు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకుని మిగతావి చేయండి. టేక్‌అవుట్ జిప్‌లను మాత్రం అప్పుడే తీసేయకండి, బయటి డిస్కులో చోటున్నంత కాలం ఉంచండి.