అప్‌డేట్: అనంతపురం నుంచి డల్లాస్, అమ్మానాన్న చేరుకున్నారు

తెల్లవారుజామున 4కి బెంగళూరులో ఎక్కితే అదే రోజు మధ్యాహ్నం 3:30కి డల్లాస్‌లో దిగుతారని టికెట్‌లో ఉంది, అంటే పదకొండున్నర గంటలేనా అని అడిగాను కదా. రెండు చోట్ల టైమ్ తేడా కూడా కలపాలని మీరు చెప్పిందే నిజం. వేసవిలో డల్లాస్ మనకంటే 10:30 గంటలు వెనక, అది కలిపితే మొత్తం 22 గంటలు. దుబాయ్‌కి నాలుగు, అక్కడ రెండు గంటలు ఆగడం, మిగతా పదహారూ ఒకే విమానంలో. ఆ రెండో విమానం దూరమే దాదాపు 12,900 కి.మీ.

సీటు ముందున్న మ్యాప్‌లో విమానం ఉత్తర ధ్రువం వైపు పోతుంటే నాన్నకు టెన్షన్ పట్టుకుందట. గుండ్రటి భూమ్మీద అదే దగ్గరి దారని ఫోన్‌లో చెప్పినా ఆయన పూర్తిగా నమ్మినట్టు లేదు!

మన ఊరోళ్లకి ఒక మాట: ఎయిర్‌పోర్ట్ దేవనహళ్లిలో, మన వైపే ఉంది. పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా పోతే బెంగళూరు సిటీ ట్రాఫిక్‌లోకి వెళ్లే పనే లేదు. అయినా రాత్రి తొమ్మిదికల్లా బయల్దేరండి.

తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి డల్లాస్–దుబాయ్ గంటకు పైగా తగ్గుతుంది. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం మారుస్తారు, ఆ తర్వాత వచ్చేవాళ్లు తేడా 11:30 గంటలుగా లెక్కేసుకోండి.