అప్‌డేట్: షేవింగ్ చేసినంక మెడ మీద లేసే పొక్కులు తగ్గినయి

గడ్డం గీసుకున్న రెండో రోజుకే మెడ మీద ఎర్రటి పొక్కులు లేస్తున్నయని రెండు నెలల కింద అడిగిన కదా, జవాబిచ్చినోళ్లందరికి థాంక్స్. హన్మకొండల స్కిన్ డాక్టర్‌కు చూపించిన, ఇన్‌ఫెక్షన్ కాదు, నున్నగ కావాలని వెంట్రుక వాలుకు ఎదురు గీకుతున్నవ్, తెగిన వెంట్రుక వంకర తిరిగి మళ్ల చర్మంలకే గుచ్చుకుంటున్నదన్నడు. నాలుగు వారాలు బ్లేడ్ ముట్టలే, ట్రిమ్మర్‌తోనే నడిపిచ్చిన. ఇప్పుడు గోరువెచ్చని నీళ్లతోటి మెత్తగ నానబెట్టి, ఒకటే బ్లేడున్న రేజర్‌తోటి వెంట్రుక వాలిన దిక్కే, చర్మం గుంజకుండ గీస్తున్న, ఆఖరికి మాయిశ్చరైజర్.

ఇక్కడ ఒక అన్న వేలుతోటి నిమిరి వాలు చూసుకోమన్నడు, అదే అసలు పనికొచ్చింది. నాకు ఎడమ దిక్కు మెడ మీద వెంట్రుకలు పైకి వాలి ఉన్నయ్, ఇన్నేండ్లు తెల్వనే తెల్వదు! బోరు నీళ్లకు, వేడి చేసుడుకు ఈ పొక్కులతోటి సంబంధం లేదని డాక్టర్ అన్నడు. పటికతోటి నాకైతే మంట తప్ప ఏం కాలే.