పుట్టగానే ఏడవని బాబుకి కూలింగ్ చేయించాలా?

ప్రశ్న (శ్రీకాకుళం): మా చెల్లికి తెల్లవారుజామున బాబు పుట్టాడండీ, నెలలు నిండాయి గానీ పుట్టగానే ఏడవలేదు, మెదడుకి ఆక్సిజన్ అందలేదంటున్నారు. విశాఖ తీసుకెళ్లి కూలింగ్ చేయించమంటున్నారు. పసివాడిని చల్లబరచడమేంటి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (విజయనగరం): పుట్టిన 6 గంటల్లోపు మొదలుపెట్టాలండీ, అక్కడి ఎన్‌ఐసీయూకి (పసికందుల ఐసీయూ) ముందే ఫోన్ చేయించి బయల్దేరండి. ఒంటి వేడిని 33-34 డిగ్రీల సెల్సియస్‌కి దించి 72 గంటలు ఉంచి, తర్వాత మెల్లగా పెంచుతారు. దారిలో మీరే ఐస్ పెట్టేయకండి, దయచేసి.

ఇంకో జవాబు: నేను నర్సుని. 2021లో వచ్చిన హెలిక్స్ పరిశోధనలో భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లోని 408 మంది శిశువుల్ని చూస్తే, కూలింగ్ చేసినవాళ్లలోనే మరణాలు ఎక్కువ. మీ బాబుకి ఎందుకు అవసరమో డాక్టర్‌ని సూటిగా అడగండి.

ప్రశ్న అడిగినవారు: భోగాపురం దాటామండీ. తప్పకుండా అడుగుతాను.