చెడ్డ సెక్టారా, చెడిన సెక్టారా, చెడిందని రాసి ఉన్న సెక్టారా?

హార్డ్ డిస్కుల గురించిన ఒక సహాయపత్రాన్ని తెలుగులోకి తెస్తున్నాను. రెండు రోజులుగా ఒక్క వాక్యం దగ్గరే కూర్చున్నాను. నాకు ముందు ఎవరో దాన్ని ‘క్లోనింగ్ తర్వాత తప్పుడు చెడ్డ సెక్టార్లను తుడిచివేయండి’ అని రాసి పెట్టారు. ఆరు మాటలు, మూడు పేచీలు.

ముందు సంగతి ఏమిటో చెబుతాను. పాత డిస్కులో కొన్ని సెక్టార్లు, అంటే డేటా రాసుకునే చిన్న చిన్న గడులు, నిజంగానే పాడయ్యాయి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థ వాటిని డాలర్ బ్యాడ్‌క్లస్ అనే లోపలి ఫైలుకు రాసిచ్చేసింది. ఆ చోట్లు ఆ ఫైలువే అని లెక్క కాబట్టి అక్కడ మరేదీ రాయదు. డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదానికి ఎక్కిస్తే (క్లోనింగ్ అంటే ఇదే) ఆ ఫైలూ వెంట వస్తుంది. కొత్త డిస్కులో ఆ చోట్లు నిక్షేపంగా ఉంటాయి, చిట్టాలో మాత్రం చెడినట్టే ఉంటాయి. దెబ్బ ఒకరికి, కట్టు ఇంకొకరికి.

ఇప్పుడు మాటలు. ‘చెడ్డ’ అంటే నాకు గుణం తోస్తుంది: చెడ్డ బుద్ధి, చెడ్డ పేరు. సెక్టార్‌కు గుణమేమిటి? ‘చెడిన’ అనాలి కదా. ‘తప్పుడు’ అన్నది ఇంకా ఇబ్బంది. తప్పుడు కేసు, తప్పుడు లెక్క అన్నప్పుడు ఎవరో కావాలని చేసిన వాసన వస్తుంది. ఈ రాత రాసిననాడు, రాసినచోట నిజమే. చోటు మారి అబద్ధమైంది. ఇక ‘తుడిచివేయండి’ అన్నది ప్రమాదం. డిస్కు విషయంలో ఆ మాట చదివినవాడు మొత్తం డిస్కునే తుడిచేసుకుంటాడు.

మీరైతే ఎలా రాస్తారు?

జవాబు:

‘చెడ్డ’ను అంత తేలిగ్గా తోసెయ్యకండి. పడు నుంచి పడిన, పడ్డ రెండూ వచ్చినట్టే చెడు నుంచి చెడిన, చెడ్డ వచ్చాయి. ‘బతికిచెడ్డ కుటుంబం’ అంటాం. వాళ్ల గుణం చెడ్డదనా అర్థం? ఒకప్పుడు బాగా బతికి తర్వాత దెబ్బతిన్నారని. సెక్టార్ కథా అదే కాబట్టి ‘చెడ్డ సెక్టార్’ వ్యాకరణానికి తప్పేమీ కాదు. అయితే ఒంటరిగా నిలబడితే ఆ మాటకు ఇప్పుడు గుణమే మిగిలిందన్న మీ మాట ఒప్పుకుంటాను. నేనైతే ‘పాడైన’ అంటాను. గడియారం పాడైంది, ఫోను పాడైంది అన్నప్పుడు ఎవరికీ సందేహం రాదు.

జవాబు:

మనకు ‘నీలాపనింద’ అనే మాట ఉండగా వెతుకులాట ఎందుకండీ? చేయని తప్పు మీద పడటమేగా. సహాయపత్రంలో రాస్తే నవ్వుతారనుకోండి. కానీ పాత డిస్కులోనూ ఆ నింద కొంత ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ లెక్క సెక్టార్లలో కాదు, క్లస్టర్లలో, అంటే కొన్ని సెక్టార్ల గుంపుల్లో. 4 కిలోబైట్ల క్లస్టర్‌లో 512 బైట్ల సెక్టార్లు 8 పడతాయి. ఒక్కటి పాడైతే మిగిలిన ఏడూ దానితో పాటు చిట్టాకెక్కుతాయి.

జవాబు:

తుడిచేది చిట్టాలోని పద్దును కాబట్టి ‘పద్దు కొట్టివేయడం’ అనండి. లెక్కలు రాసే ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. అయితే కొట్టివేయడం రెండు రకాలు, పత్రంలో అది విడిగా చెప్పాలి. లినక్స్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే ఆదేశానికి ‘బి’ ఐచ్ఛికం ఇస్తే పద్దులు ఊరికే కొట్టేస్తుంది, డిస్కును పరీక్షించదు. విండోస్‌లో చెక్‌డిస్క్ అనే ఆదేశానికి ‘బి’ స్విచ్ ఇస్తే పాత పద్దులు కొట్టేసి, ప్రతి క్లస్టర్‌నూ మళ్లీ చదివి చూస్తుంది. పెద్ద డిస్కుకు గంటలు పడుతుంది. కొత్త డిస్కులో నిజంగా పాడైనవి ఉంటే తిరిగి రాసుకుంటుంది. మొదటిది మాఫీ, రెండోది పునర్విచారణ. ఏది వాడినా, పాత డిస్కులో చదవలేకపోయిన డేటా మాత్రం తిరిగి రాదు. ఆ ముక్క తప్పక చేర్చండి.

అడిగినవారు:

బతికిచెడ్డ గుర్తు రానందుకు సిగ్గుగా ఉంది. పద్దు, పాడైన రెండూ తీసుకుంటున్నాను. నీలాపనిందను వదులుకోవడమే కష్టంగా ఉంది. వాక్యం ఇలా కుదిరింది: ‘పాత డిస్కు నుంచి వచ్చిన పాడైన సెక్టార్ల పద్దులను కొట్టివేయండి.’

జవాబు:

వచ్చినవి సెక్టార్లా, పద్దులా? సెక్టార్లు ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు నడిచి రావు కదండీ. విశేషణాన్ని దాని యజమాని పక్కకు జరపండి: ‘పాడైన సెక్టార్ల గురించి పాత డిస్కు నుంచి వచ్చిన పద్దులను కొట్టివేయండి.’

అడిగినవారు:

జరిపాను.