అంకుల్ అంటే మేనమామా, పెదనాన్నా? రూజ్‌వెల్టుల ఇంట్లో వరసలు

మిత్రులకు నమస్కారం. "వరస" అనే మాట గురించి ఒక సంగతి మీ ముందు పెడుతున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పిల్లల కోసం, అమెరికా ప్రథమ మహిళగా పేరుపొందిన ఎలినార్ రూజ్‌వెల్ట్ జీవితం నాలుగు పేజీల్లో రాస్తున్నాను. అందులో ఇలా రాశాను: "1905లో ఎలినార్ పెళ్లి జరిగింది. అప్పటి అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆమెకు మేనమామ." చదివిన ఇంగ్లిషు పుస్తకంలో అంకుల్ అని ఉంది. చెయ్యి అలవాటుగా మేనమామ అని రాసేసింది.

పంపించే ముందు అమ్మ చదువుతానంది. అక్షరాల కింద వేలు పెట్టుకుని చదవడం ఆవిడ అలవాటు. ఆ వేలు "మేనమామ" కింద ఆగిపోయింది.

"ఈ పిల్ల పుట్టింటి ఇంటిపేరేమిటి?"

"రూజ్‌వెల్టే."

"ఆయనదీ అదే కదా. మరి మేనమామ ఎట్లా అవుతాడు?"

అమ్మకు అమెరికా చరిత్ర ఏమీ తెలియదు. ఇంటిపేరు ఒక్కటి చూసి పట్టుకుంది. నేను వెళ్లి వంశవృక్షం తీసి చూస్తే, ఎలినార్ తండ్రి ఎలియట్ 1860లో పుట్టాడు. థియోడర్ 1858లో. తండ్రికి సొంత అన్న, అంటే పెదనాన్న. పెద్దనాయన అనే ప్రాంతాల వాళ్లు అలాగే చదువుకోండి.

ఇది చిన్న పొరపాటే కదా అనిపించవచ్చు. నాకలా అనిపించడం లేదు. ఎలినార్‌కు ఎనిమిదేళ్లప్పుడు, 1892లో తల్లి పోయింది. రెండేళ్లు తిరక్కుండానే తండ్రి పోయాడు. ఆ పిల్లను పెంచింది అమ్మమ్మ. హడ్సన్ నది దగ్గర టివోలిలో ఉన్న అమ్మమ్మగారి ఇంట్లో ఆమెకు నిజంగానే మేనమామలు ఉన్నారు. వాలీ, ఎడ్డీ. ఇద్దరూ తాగుడుకు అలవాటుపడి ఇంటిల్లిపాదినీ క్షోభ పెట్టినవాళ్లు. థియోడర్‌ను మేనమామ అనేస్తే తెలుగు చదివే పిల్ల ఆయన్ని ఆ ఇంట్లో, వాళ్ల పక్కన ఊహించుకుంటుంది. ఆయన ఉండేది ఆయిస్టర్ బేలో, తండ్రి వైపు ఇంట్లో. ఇంగ్లిషులో అటు మామలూ అంకుల్సే, ఇటు పెదనాన్నా అంకులే. గ్రాండ్‌మదర్ అన్నా అంతే, అమ్మమ్మో నాయనమ్మో మనమే తేల్చుకోవాలి.

పెళ్లి ఘట్టంలో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1905 మార్చి 17న న్యూయార్కులో బంధువుల ఇంట్లో పెళ్లి. తండ్రి లేడు గనక థియోడరే పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వరుడికి అప్పగించాడు. మన పెళ్లిళ్లలో పిల్లను గంపలో కూర్చోబెట్టి తెచ్చేది మేనమామ. తండ్రి లేకపోతే పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడిగేది పెదనాన్నో బాబాయో. థియోడర్ చేసింది ఈ రెండో పని. ఒక్క మాట తప్పుగా పడితే ఆయన పెళ్లిలో వేరే మనిషి అయిపోతాడు.

ఇక వరుడు. ఫ్రాంక్లిన్ డెలానో రూజ్‌వెల్ట్, తర్వాత ఆయనా అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఇక్కడా ఇంటిపేరు అదే! ఇంటిపేరు ఇంట్లోనే ఉంచుకోవడం మంచిదే అని థియోడర్ ఆ రోజు ఫ్రాంక్లిన్‌తో అన్నాడని చెబుతారు. ఇంగ్లిషు పుస్తకాలు ఫ్రాంక్లిన్‌ను థియోడర్‌కు "ఫిఫ్త్ కజిన్" అంటాయి. దాన్ని తెలుగులో ఎలా చెప్పాలో తేలక కాగితం మీద గీతలు గీసుకుంటూ కూర్చున్నాను.

1658లో పుట్టిన నికొలస్ రూజ్‌వెల్ట్ ఈ ఇద్దరికీ మూలపురుషుడు. డచ్చి వాళ్ల కుటుంబం. ఆయన కొడుకుల్లో యొహానెస్ సంతతి ఆయిస్టర్ బే శాఖ, యాకోబస్ సంతతి హైడ్ పార్క్ శాఖ. యొహానెస్ వైపు కొడుకులనే లెక్కబెడుతూ వస్తే నికొలస్ కింద ఆరో తరంలో థియోడర్. యాకోబస్ వైపు లెక్కబెట్టినా ఆరో తరంలోనే ఫ్రాంక్లిన్. రెండు వైపులా మగ సంతతే, మధ్యలో ఎక్కడా ఆడపిల్ల మీదుగా గీత పోలేదు. అంటే వీళ్లు జ్ఞాతులు, దాయాదులు. ఇరవై మూడేళ్ల వయసు తేడా ఉన్నా వరసకు అన్నదమ్ములు.

అప్పుడు ఎలినార్? థియోడర్ తమ్ముడి కూతురు గనక ఏడో తరం. మన లెక్కలో ఫ్రాంక్లిన్ ఆమెకు బాబాయి. ఆమెకంటే రెండేళ్లే పెద్ద, అయినా వరస వరసే.

దీన్ని పట్టుకుని వాళ్లను వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. వాళ్ల సమాజంలో అన్ని తరాల దూరం ఉన్న చుట్టరికం పెళ్లికి అడ్డమే కాదు. నాకు ముఖ్యమనిపించింది మన మాట పనిచేసే తీరు. ఇంగ్లిషు "కజిన్" ఎన్ని తరాల దూరమో చెబుతుంది, ఏ వైపో చెప్పదు. మన "వరస" వైపు చెబుతుంది, పెళ్లికి కలుస్తుందో లేదో చెబుతుంది, కానీ దూరం ఎంతో పట్టించుకోదు. ఆరు తరాల అవతల ఉన్నా బాబాయి బాబాయే.

ఇదే ఇంట్లో అంతకు ఏడాది ముందు, 1904లో ఇంకో పెళ్లి జరిగింది. థియోడర్ చెల్లెలు కోరీన్ కొడుకు థియోడర్ డగ్లస్ రాబిన్సన్, ఫ్రాంక్లిన్ సవతి అన్న కూతురు హెలెన్‌ను చేసుకున్నాడు. లెక్క వేసి చూడండి. హెలెన్ తండ్రి, కోరీన్ ఇద్దరూ ఆరో తరమే, వరసకు అన్నాచెల్లెళ్లు. కాబట్టి హెలెన్, రాబిన్సన్‌కు మేనమామ కూతురు. వరస చక్కగా కలిసింది! కాకపోతే ఆమె 1881లో పుట్టింది, అతను 1883లో, కాబట్టి మరదలు అనడానికి లేదు, వదిన అవుతుంది. ఆ ఇంట్లో ఎవరికీ తెలియకుండానే ఒక పెళ్లి మన వరసకు కుదిరింది, మరొకటి కుదరలేదు. ఇది తేలినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను.

నౌకాదళ సహాయ కార్యదర్శి పదవి ఈ కుటుంబంలో అయిదుగురు చేశారు: థియోడర్, ఫ్రాంక్లిన్, థియోడర్ కొడుకు థియోడర్ జూనియర్, ఈ రాబిన్సన్, తర్వాత హెన్రీ లాట్రోబ్ రూజ్‌వెల్ట్. ఇంగ్లిషులో రాబిన్సన్ థియోడర్‌కు "నెఫ్యూ". తమ్ముడి కొడుకైనా నెఫ్యూనే. తెలుగులో మేనల్లుడు అనగానే ఇంటిపేరు ఎందుకు వేరయిందో వివరించే పని తప్పిపోయింది. అక్కాతమ్ముళ్లూ అన్నాచెల్లెళ్ల మీదుగా పోయే చుట్టరికాలకు ముందు "మేన" చేర్చడం మన భాషలో ఎంత పొందికైన ఏర్పాటో చూడండి: మేనమామ, మేనత్త, మేనల్లుడు, మేనకోడలు, మేనరికం.

వ్యాఖ్యల్లో ఒకరు "కజిన్ అని తెలుగు లిపిలో రాసేస్తే గొడవ ఉండదు కదా" అన్నారు. మాటల్లో నేనూ వాడతాను. కానీ 1924 చూడండి. థియోడర్ జూనియర్ రిపబ్లికన్ పార్టీ తరఫున న్యూయార్క్ గవర్నర్ పదవికి నిలబడ్డాడు. డెమోక్రాట్ల వైపున్న ఎలినార్, టీపాట్ డోమ్ అనే చమురు భూముల కుంభకోణాన్ని గుర్తుచేయడానికి కారు మీద ఆవిరి చిమ్మే పెద్ద టీపాట్ బొమ్మ పెట్టుకుని అతని వెనకాలే రాష్ట్రమంతా తిరిగింది. అతను ఓడిపోయాడు. ఆ కుంభకోణంలో అతని తప్పేమీ లేదు, అది మోటు పని అని తర్వాత ఆమే ఒప్పుకుంది. "కజిన్ మీద ప్రచారం చేసింది" అంటే వార్త చదివినట్టుంటుంది. అతను 1887లో పుట్టాడు, ఆమె 1884లో. "పెదనాన్న కొడుకు, తనకంటే చిన్నవాడు, అంటే తమ్ముడు. వాడి మీద ప్రచారం చేసింది" అని రాస్తే ఆ ఇంట్లో రెండు శాఖల మధ్య ఎంత మంట రేగి ఉంటుందో చదివేవాళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు నా పేజీలో "పెదనాన్న" అని దిద్దాను. ఫ్రాంక్లిన్ దగ్గర "బాబాయి" అని మాత్రం రాయలేదు. వాళ్లెవరూ అలా అనుకోలేదు గనక ఆ మాట అక్కడ పెట్టడం అన్యాయం. "థియోడర్‌కు దూరపు జ్ఞాతి" అని రాశాను. అయితే పదేళ్ల పిల్లలకు జ్ఞాతి అంటే అర్థమవుతుందా అని సందేహం. "దాయాది" అంటే పత్రికల పుణ్యమా అని సరిహద్దు గొడవలే గుర్తొస్తాయి. మా వైపు పెద్దవాళ్లు "పాలోళ్లు" అంటారు. దాయం అంటే ఆస్తిలో వాటా, పాలు అన్నా వాటాయే, కాబట్టి రెండూ ఒకే ఆలోచనలోంచి వచ్చిన మాటలు. "ఫ్రాంక్లిన్ వాళ్లూ థియోడర్ వాళ్లూ పాలోళ్లు" అని రాస్తే మీ ప్రాంతంలో పిల్లలకు అందుతుందా? మీ ఇళ్లలో ఈ మాట ఇంకా వినిపిస్తోందా, లేక దీనికి వేరే మాట ఉందా? ఊరి పేరుతో సహా చెప్పండి, ఆదివారంలోగా పేజీ పంపాలి.