మోకాలి రిఫ్లెక్స్: సుత్తితో అంచనా చాలునా, యంత్రంతో కొలవాలా?

బయోమెడికల్_సుధాకర్: జర్మన్ వైద్యులు ఎర్బ్, వెస్ట్‌ఫాల్ 1875లో మోకాలి రిఫ్లెక్స్ గురించి విడివిడిగా రాసి ఇంతకాలమైనా నేటికీ మనం చేస్తున్నది ఒక్కటే: చిప్ప కింద సుత్తితో తట్టి, కాలు ఎగిరిన తీరును కంటితో చూసి, 0 (అసలు రాలేదు) నుంచి 4 (మరీ ఎక్కువ) దాకా ఒక అంకె వేస్తున్నాం, 2 అంటే మామూలు. ఎంత బలంతో తట్టారో ఎక్కడా నమోదు కాదు. సుత్తిలో సెన్సరు, తొడ కండరం మీద దాని విద్యుత్ స్పందనను పట్టే ఈఎంజీ ఎలక్ట్రోడు పెడితే, దెబ్బ పడిన ఎన్ని మిల్లీసెకన్లకు కండరం స్పందించిందో, ఎంత స్పందించిందో కాగితం మీదికి వస్తుంది. ఇంకా ఈ ఉజ్జాయింపు లెక్కలెందుకు?

పాత_ఫిజీషియన్: అంకె ఒంటరిగా ఏ జబ్బునూ చెప్పదు. కంగారులో ఉన్న మనిషికి రెండు కాళ్లూ చురుగ్గానే ఎగురుతాయి. మేము చూసేది కుడి ఎడమల తేడాను, చేతికీ కాలికీ మధ్య తేడాను. రిఫ్లెక్స్ రాకపోతే రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా తగిలించి లాగమంటాం, జెండ్రాసిక్ అనే వైద్యుడు చెప్పిన ఆ ఉపాయంతో రానిది వస్తుంది. యంత్రం కావలసిన చోట, సుత్తికి బదులు నరానికి విద్యుత్తు తగిలించి కండరం స్పందనను కొలిచే, 1910లో హాఫ్‌మన్ చూపిన హెచ్ రిఫ్లెక్స్ పరీక్ష ఉండనే ఉంది.

ఫిజియో_లత: మా విభాగంలో ఉన్న ఒక్క సుత్తికీ రబ్బరు ఊడిపోయింది.

బయోమెడికల్_సుధాకర్: బలం ఎంతో చెప్పకుండా తేడా ఎలా తేలుస్తారు? కుడి వైపు గట్టిగా, ఎడమ వైపు మెల్లగా తడితే ఆ తేడా చేతిదా, నరానిదా?

నెల్లూరు_రమణ: మా నాన్నగారికి 15 ఏళ్లుగా షుగరు. జారిపడి ఆసుపత్రిలో చేరినప్పుడు, డిశ్చార్జి అయ్యేదాకా కేస్ షీట్‌లో పూటపూటా రెండు మడమల రిఫ్లెక్స్‌కూ రెండేసి ప్లస్‌లు, అంటే మామూలుగా ఉందని, రాశారు. ఎడమ కాలికి వేళ్ల దాకా పిండికట్టు ఉంది.

పాత_ఫిజీషియన్: ఎవరో చేసిన అశ్రద్ధకు సుత్తినెందుకు నిందిస్తారు?

బయోమెడికల్_సుధాకర్: సెన్సరు ఉంటే పరీక్ష అసలు జరిగిందో లేదో సమయంతో సహా తెలిసేది.

పాత_ఫిజీషియన్: అలా చెప్పండి! మీకు కావలసింది కొలత కాదు, మా మీద కాపలా. నలభై ఏళ్లు మంచాల పక్కన నిలబడినవాడికి ఇది వినవలసిన మాటేనా?

నెల్లూరు_రమణ: నాకు కావలసింది కాపలాయే, డాక్టరుగారూ. మిల్లీసెకన్లు నాకు అర్థం కావు. మా నాన్నగారి కాలిని ఎవరూ ముట్టుకోలేదని మాత్రం అర్థమయింది. కట్టు విప్పాక మడమ మీద పుండు కనబడింది.

పాత_ఫిజీషియన్: (మరునాడు) ఆ 0 నుంచి 4 లెక్కలో "పరీక్షించలేదు" అనే అంకె లేదు. రాత్రి డ్యూటీలో నలభై పడకలకు ఒక్కడినే ఉన్నప్పుడు, ముందు పూట వాళ్లు రాసినదే నేనూ దింపిన రోజులున్నాయి. యంత్రం ఇచ్చినా ఆ రాత్రి దాన్ని తెరిచి ఉండేవాణ్ణి కాను.

బయోమెడికల్_సుధాకర్: సరే, దెబ్బ బలం సంగతికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.