గుండె మీద పెట్టే రాతి పేడపురుగు: దేవుడి దగ్గర తప్పించుకోడానికేనా?

రేవుగట్టు:
ప్రాచీన ఈజిప్టులో శవం గుండె దగ్గర ఆకుపచ్చ రాతితో చెక్కిన పేడపురుగు పెట్టేవాళ్ళు కదా, హార్ట్ స్కారబ్ అంటారు. దాని అడుగున మృతుల గ్రంథంలోని (చనిపోయినవాళ్ళ కోసం రాసిన మంత్రాల సంకలనం) 30బి మంత్రం ఉంటుంది, "అమ్మ ఇచ్చిన నా గుండె, నాకు ఎదురు సాక్ష్యం చెప్పకు, తూకం వేసేవాడి ముందు అడ్డం తిరగకు" అని. ఇది సాక్షి నోరు నొక్కడం కాదా? చచ్చాక సత్యదేవత మాత్ ఈకతో గుండెని తూస్తారు, తేడా వస్తే అమ్మిత్ అనే రాక్షసి మింగేస్తుంది అని అంత న్యాయం చెప్పి, కొనుక్కోగలిగినోళ్ళకి ఇదో దొడ్డిదారి. కొన్నిటి మీద పేరు దగ్గర ఖాళీ వదిలి ముందే చెక్కి ఉంచేవాళ్ళు కూడా.

పాతరాయి:
మంత్రం చివరిదాకా చదవండి సార్, "దేవుడి ముందు నా మీద అబద్ధాలు చెప్పకు" అని కూడా ఉంది. మోసం చేద్దామనుకున్నోడు అలా అడగడు. మనం మనస్సాక్షి అంటాం చూడండి, వాళ్ళకి అది గుండే, ఆలోచన జ్ఞాపకం అన్నీ అక్కడే అని నమ్మారు, అందుకే మమ్మీ చేసేటప్పుడు మెదడు తీసి పారేసి గుండెని మాత్రం లోపలే ఉంచేవాళ్ళు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో హత్నోఫర్ అనే పెద్దావిడ స్కారబ్ ఉంది, ఈజిప్టుని ఏలిన రాణి హత్‌షెప్సుత్ కొలువులో పెద్ద అధికారి సెనెన్‌ముత్ వాళ్ళమ్మ. ఫొటో చూడండి, ముదురాకుపచ్చ రాయి, చుట్టూ బంగారు పట్టీ, అల్లిన బంగారు గొలుసు, అడుగున వరసలు వరసలుగా అక్షరాలు. అంతమంది దేవుళ్ళ ముందు ఒంటరిగా నిలబడినప్పుడు సొంత గుండే తడబడితే ఎలా అన్న భయం నాకు అందులో కనిపిస్తుంది.

రేవుగట్టు:
ఆ చివరి వాక్యం నేను చూళ్ళేదు, ఒప్పుకుంటున్నా. కానీ అదే మృతుల గ్రంథం 125వ అధ్యాయంలో 42 మంది దేవతల ముందు దొంగతనం చేయలేదు, చంపలేదు, అబద్ధం ఆడలేదు అని ఒక్కొక్కటీ కాదనాలి, అన్నీ నిజంగా చెప్పగలిగే మనిషి ఎవరండీ? గుండెకి అది తెలుసు కాబట్టే దాన్ని బతిమాలుతున్నారు.

ఇసుకతిన్నె:
మీరిద్దరూ రాత పట్టుకుని పురుగునే వదిలేశారు. పేడపురుగు బొమ్మ వాళ్ళ లిపిలో ఖెపెర్, అంటే అవ్వడం, పుట్టడం. పొద్దున పుట్టే సూర్యుడు ఖెప్రీ కూడా ఈ పురుగే, పేడ ఉండని దొర్లించినట్టు సూర్యుణ్ణి దొర్లిస్తాడని. నోరు నొక్కడమే పనైతే ఏ రాతిపలకైనా సరిపోయేది, మళ్ళీ పుట్టాలనే కదా ఈ ఆకారం.

రేవుగట్టు:
ఆకారం గురించి మీ మాట కాదనను. మరి పుట్టుక గురించే అయితే, అన్ని మంత్రాలుండగా దాని అడుగున సాక్ష్యం చెప్పకు అన్నదే ఎందుకు చెక్కారు, దానికి చెప్పండి.